తెరమీది సముద్రం: అరబ్బు సినిమా, మన జాలరిపేట

సినిమాను కళగా చూసేవాళ్లున్నారు, వ్యాపారంగా చూసేవాళ్లున్నారు. రెండూ నిజమే. కాని ఆ రెండింటినీ కలిపే మూడో మాట చెప్పకపోతే రెండూ సగం నిజాలుగానే మిగిలిపోతాయి. సినిమా ఒక ఉత్పత్తి. దానికి పెట్టుబడి కావాలి, యంత్రాలు కావాలి, పనివాళ్లు కావాలి, తయారైన సరుకు చెల్లుబాటయ్యే అంగడి కావాలి. కలమూ కాగితమూ ఉంటే కవి తన పని తాను చేసుకోగలడు. సినిమా తీసేవాడికి ఆ వెసులుబాటు లేదు. అందుచేత ఒక దేశపు సినిమాలో ఎవరి బతుకు కనిపిస్తుంది, ఎవరి మాట వినిపిస్తుంది అన్న ప్రశ్నకు జవాబు దర్శకుల ప్రతిభలో మాత్రమే దొరకదు. పెట్టుబడి ఎవరిది, అంగడి ఎవరిది అని కూడా అడగాలి.

ఈ విషయాన్ని పరిశీలించడానికి అరబ్బు దేశాల సినిమా మనకు చాలా పనికొస్తుంది. ఎందుకంటే అక్కడ జాతీయ పెట్టుబడిదారుల బ్యాంకు సినిమా తీసింది, ప్రభుత్వం సినిమా తీసింది, చమురు డబ్బూ సినిమాను శాసించింది. మూడు రకాల యాజమాన్యాలు, మూడు రకాల ఫలితాలు. పైగా వలసపాలన, పత్తి రైతు, రేవు కూలీ, గల్ఫు వలస, మాండలికాల మధ్య ఎక్కువ తక్కువలు ఇవన్నీ మనకూ తెలిసిన సంగతులే. విశాఖపట్నం జాలరిపేట వంటి చోట నిలబడి చూస్తే మరొక పోలిక కూడా కనబడుతుంది. అది సముద్రం.

బ్యాంకు కట్టిన స్టూడియో

లూమియేర్ సోదరుల బొమ్మలు బొంబాయికి వచ్చింది 1896 జులైలో. అదే సంవత్సరం ముగిసేలోగా అవి అలెగ్జాండ్రియాకూ కైరోకూ చేరాయి. అంటే ఈ యంత్రం మనకూ వాళ్లకూ ఒకే వలస ఓడల దారిలో వచ్చింది. ట్యునీషియాలో ఆల్బర్ట్ సమామా షిక్లీ 1922లో 'జోహ్రా' తీశాడు. అందులో నాయిక అతని కూతురే. ఈజిప్టులో 1927లో 'లైలా' చిత్రాన్ని నిర్మించి, అందులో నటించినది అజీజా అమీర్ అనే స్త్రీ. మన రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. ఇంతవరకు రెండు కథలూ సమాంతరంగానే నడిచాయి.

ఆ తరువాత దారులు వేరయ్యాయి. 1919లో బ్రిటిషువారిమీద ఈజిప్టు ప్రజలు తిరగబడ్డారు. ఆ వేడిలోనే 1920లో తలాత్ హర్బ్ నాయకత్వాన మిస్ర్ బ్యాంకు పుట్టింది. మిస్ర్ అంటే ఈజిప్టు. విదేశీ పెట్టుబడికి పోటీగా జాతీయ పెట్టుబడిని నిలబెట్టాలన్నది దాని లక్ష్యం. ఆ బ్యాంకు 1927లో మహల్లాలో నూలు మిల్లు పెట్టింది, 1935లో కైరోలో స్టూడియో మిస్ర్ పెట్టింది. పత్తినీ సినిమానూ ఒకే ఖాతాపుస్తకంలో రాసిన సంస్థ అది. స్టూడియో మొదటి చిత్రం 'విదాద్' 1936లో వచ్చింది. అందులో గాయని ఉమ్ కుల్సూమ్ నాయిక. పాటతో అంగడి పట్టడం వాళ్లకూ మొదటినుంచే తెలుసు.

అదే స్టూడియోనుంచి 1939లో కమాల్ సలీం తీసిన 'అల్ అజీమా' వచ్చింది. 'పట్టుదల' అని దాని అర్థం. కైరో సందులో మంగలి కొడుకు, చదువుకున్నవాడు, ఉద్యోగంకోసం తిరిగే కథ. అరబ్బు వాస్తవికతకు ఇది తొలిమెట్టని విమర్శకులు అంటారు. కాని కథ చివర అతన్ని గట్టెక్కించేది ఒక పాషా ఔదార్యం. సందును చూపించడానికి బ్యాంకు ఒప్పుకుంది, సందుకూ మేడకూ మధ్య వైరుధ్యాన్ని చివరిదాకా తీసుకుపోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. జాతీయ పెట్టుబడికి ఎంత చూపు ఉందో, ఆ చూపుకు ఎక్కడ హద్దు ఉందో ఈ ఒక్క చిత్రంలో తెలుస్తుంది.

సరిగ్గా అదే 1939లో మనకు గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' వచ్చింది. అంతకు ముందు ఏడాది, చలం కథతో, తాపీ ధర్మారావు మాటలతో 'మాలపిల్ల' వచ్చింది. రెండూ సారథి సంస్థ చిత్రాలు. జమీందారీ దోపిడీని ఎత్తిచూపిన 'రైతుబిడ్డ'ను తీసిన సంస్థకు చల్లపల్లి జమీందారే అధ్యక్షుడు. ఆ చిత్రం ఇతర జమీందార్ల ఆగ్రహానికీ, నిషేధానికీ గురైంది. మనకు మిస్ర్ బ్యాంకు వంటిది లేదు. రాజమండ్రిలో 1936లో దుర్గా సినీటోన్ వెలిసింది. ఆ దశాబ్దం చివరికి విశాఖపట్నంలో ఆంధ్రా సినీటోన్ చిత్రనిర్మాణానికి దిగింది. రెండూ నిలదొక్కుకోలేదు. స్టూడియోలూ ల్యాబులూ ఫైనాన్సూ అన్నీ మద్రాసులో పోగుపడ్డాయి. సంఘసంస్కరణ చిత్రానికి జమీందారు దయ కావలసి రావడం యాదృచ్ఛికం కాదు. సొంత పారిశ్రామిక పునాది లేని చోట మంచి సినిమా ఎవరో ఒక పెద్దమనిషి మంచితనంమీద ఆధారపడుతుంది.

రేవు, రైలు, పొలం

1952లో ఈజిప్టులో రాజును గద్దె దించారు. 1956లో సూయజ్ కాలువ జాతీయమైంది. ఆ సంవత్సరమే యూసఫ్ షాహీన్ 'సిరా ఫిల్ మీనా' తీశాడు. 'రేవులో ఘర్షణ' అని చెప్పుకోవచ్చు. షాహీన్ 1926లో అలెగ్జాండ్రియాలో పుట్టినవాడు. ఓడలూ రేవు కూలీలూ అతనికి పరాయివి కావు. ఒమర్ షరీఫ్, ఫాతెన్ హమామా నటించిన ఈ చిత్రంలో ప్రేమకథ ఉంది, ముక్కోణం ఉంది, అంగడికి కావలసిన సరంజామా అంతా ఉంది. కాని ఆ ప్రేమకు రేవు అలంకారం కాదు. ఓడ యజమానికీ సరుకు దింపే కూలీకీ మధ్య సంబంధమే కథను ముందుకు నెడుతుంది.

1958లో అతను తీసిన 'బాబ్ అల్ హదీద్' ఇంకా ముందుకు వెళ్లింది. కైరో రైల్వేస్టేషనులో పత్రికలు అమ్ముకునే కుంటివాడు కినావీ పాత్రను షాహీన్ తానే ధరించాడు. శీతలపానీయాలు అమ్మే హనూమా, ఆమెను పెళ్లాడబోయే పోర్టరు అబూ సరీ, వీళ్ల చుట్టూ కథ. కినావీ మనోవికారం ఒకవైపు, అబూ సరీ పోర్టర్లను కూడగట్టి యూనియను పెట్టే ప్రయత్నం మరొకవైపు. ఆకలిగొన్న కామాన్నీ కార్మికోద్యమాన్నీ ఒకే చట్రంలో పెట్టిన ఈ చిత్రాన్ని ఆనాటి ప్రేక్షకులు తిరస్కరించారు. నేడు అది అరబ్బు సినిమాలో అగ్రశ్రేణి చిత్రం. ప్రజల సినిమాను ప్రజలు వెంటనే ఆదరిస్తారనే అమాయకపు నమ్మకం మనలో ఎవరికైనా ఉంటే దాన్ని ఈ ఉదంతం సరిచేస్తుంది.

1960లలో ఈజిప్టు ప్రభుత్వం చిత్రపరిశ్రమలో పెద్దభాగాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. నజీబ్ మహఫూజ్ అప్పటికే సలాహ్ అబూ సైఫ్ వంటి దర్శకులకు స్క్రీన్‌ప్లేలు రాసి చేయి తిరిగినవాడు. ప్రభుత్వ సినిమా సంస్థల్లో బాధ్యతలు కూడా నిర్వహించాడు. 1988లో నోబెల్ బహుమతి పొందిన నవలాకారుడు సినిమా రాతను చిన్నతనంగా భావించలేదన్నది మన రచయితలు గుర్తుంచుకోదగిన సంగతి. ప్రభుత్వ రంగం కాలంలోనే షాదీ అబ్దుస్సలాం 'మమ్మీ', షాహీన్ 'అల్ అర్ద్' వచ్చాయి.

'అల్ అర్ద్' అంటే భూమి. అబ్దుర్రహ్మాన్ అష్షర్కావీ 1954లో ప్రచురించిన నవల దానికి మూలం. 1930లనాటి పల్లె. సాగునీటికోసం, ఆ తరువాత పొలాన్ని చీల్చుకుపోయే రోడ్డుకు వ్యతిరేకంగా రైతుల పోరాటం. చివరికి అబూ సువేలంను గుర్రానికి కట్టి ఈడ్చుకుపోతుంటే అతని వేళ్లు పత్తిమొక్కల మొదళ్లలో నెత్తుటి గీతలు గీస్తాయి. తెలుగులో దీనికి దీటుగా చెప్పుకోదగినది 1979లో పూర్తయిన 'మా భూమి'. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతం ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు పూనికతో వచ్చిన తెలంగాణ పోరాట చిత్రం. పేరు దగ్గరా, నవల మూలం కావడం దగ్గరా రెండూ ఒకటే. తేడా ఒక్కటి. అక్కడ ప్రభుత్వం డబ్బు పెట్టింది. ఇక్కడ కొద్దిమంది సొంతంగా కూడగట్టుకున్నారు.

అయితే ప్రభుత్వ యాజమాన్యాన్ని ఆకాశానికెత్తడానికి కూడా వీల్లేదు. పాత భూస్వామిని విమర్శించేటంతవరకే దానికి ఓర్పు. 1967 ఓటమికి లోపలి అవినీతి కారణమని చూపించిన షాహీన్ 'అల్ ఉస్ఫూర్' 1972లో తయారై, రెండేళ్లు నిషేధంలో ఉంది. సిరియాలో జాతీయ చలనచిత్ర సంస్థ 1963లో ఏర్పడింది. ఒమర్ అమిరలాయ్ ఒక పల్లెలోని రోజువారీ జీవితంమీద 1974లో తీసిన డాక్యుమెంటరీని ఆ ప్రభుత్వమే తెరకెక్కనివ్వలేదు. అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధంమీద అద్భుతమైన చిత్రాలు తీసింది. లఖ్దర్ హమీనా 'అగ్నిసంవత్సరాల చరిత్ర' 1975లో కాన్స్‌లో అత్యున్నత బహుమతి పొందింది. గడిచిన యుద్ధం గురించి చెప్పినంత స్వేచ్ఛగా నడుస్తున్న పాలన గురించి చెప్పడం ఎక్కడా జరగలేదు. నిన్నటి శత్రువును చూపించడానికి ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. నేటి అన్యాయాన్ని చూపించడానికి కళాకారుడే దారి వెదుక్కోవాలి.

ముత్యం, చమురు, నీళ్ల ట్యాంకు

ఇక సముద్రం దగ్గరికి వద్దాం. కువైట్ తీసిన మొదటి పూర్తి నిడివి కథాచిత్రం 1972లో వచ్చిన 'బస్ యా బహర్'. 'ఇక చాలు, సముద్రమా' అని ఆ పేరుకు అర్థం. దర్శకుడు ఖాలిద్ అస్సిద్దీక్. చమురు డబ్బు వెల్లువెత్తుతున్న రోజుల్లో అతను చమురుకు ముందటి కువైట్‌ను నలుపు తెలుపుల్లో చూపించాడు. ముత్యాలకోసం మునకలు వేసేవాళ్ల కథ. తండ్రి సొరచేప దెబ్బకు అవిటివాడయ్యాడు. కొడుకు ముసాయిద్ షావుకారు కూతుర్ని ప్రేమించాడు. ఆ పెళ్లికి అర్హత సంపాదించాలంటే ముత్యం కావాలి, ముత్యం కావాలంటే సముద్రం దిగాలి. పడవ యజమానికి మునకగాళ్లు ముందే అప్పుపడి ఉంటారు. ఆ అప్పు ఒక్క కాలంలో తీరదు, ఒక్క తరంతో పోదు. ముసాయిద్ చెయ్యి ముత్యపుచిప్పలో ఇరుక్కుని నీళ్లలోనే ప్రాణం పోతుంది. ప్రేమించిన పిల్లను ముసలివాడికి కట్టబెడతారు. కొడుకు ప్రాణం ఖరీదుగా ఇంటికి చేరిన ముత్యాన్ని తల్లి సముద్రంలోకే విసిరేస్తుంది.

ఈ చిత్రాన్ని 'చెమ్మీన్' పక్కన పెట్టి చూడాలి. తకళి శివశంకర పిళ్లె నవల 1956లోది. రాము కారియత్ చిత్రం 1965లోది. రెండూ గొప్పవే. పడవకోసం చేసే అప్పు అందులోనూ ఉంది. కాని చివరికి పళని సముద్రంలో చావడానికీ, ఒడ్డున భార్య శీలానికీ ముడిపెట్టిన నమ్మకమే కథకు ముగింపునిస్తుంది. బెస్తవాడి ప్రాణం బెస్తస్త్రీ పాతివ్రత్యంలో ఉందన్న మాట చూసేవాళ్ల మనసులో నాటుకుపోయింది. కువైట్ చిత్రంలో ఆ నెపం లేదు. మునిగినవాణ్ణి చంపింది అప్పు. సముద్రం దానికి చోటు మాత్రమే. ఒకే చావుకు ఎవరు ఏ కారణం చెబుతున్నారన్నదే ఇక్కడ తేడా, రచయిత దృక్పథమంటే అదే.

జపాను పెంపకపు ముత్యాలు వచ్చాక గల్ఫులో ముత్యాల వ్యాపారం కూలిపోయింది. 1938లో కువైట్‌లో చమురు బయటపడింది. ఆ ఎడారి దారిలోనే పాలస్తీనా రచయిత గస్సాన్ కనఫానీ 1963లో 'ఎండలో మనుషులు' నవల రాశాడు. దేశం పోగొట్టుకున్న ముగ్గురు మనుషులు కువైట్‌లో పనికోసం ఖాళీ నీళ్ల ట్యాంకులో దాక్కుని సరిహద్దు దాటబోతారు. డ్రైవరును చల్లటి గదిలో కూర్చున్న గుమాస్తాలు కాలక్షేపపు మాటలతో ఆలస్యం చేస్తారు. ఈలోపల ముగ్గురూ ఉడికి చనిపోతారు. నవలలో ట్యాంకు లోపలినుంచి చప్పుడు రాదు. ఈజిప్టు దర్శకుడు తౌఫీక్ సాలేహ్ సిరియా ప్రభుత్వ సంస్థకోసం దీన్ని 1972లో 'అల్ మఖ్దూఊన్'గా తీశాడు. అతను ముగింపు మార్చాడు. సినిమాలో వాళ్లు ట్యాంకు గోడను బాదుతారు. ఆఫీసు ఏసీ యంత్రాల హోరులో అది ఎవరికీ వినబడదు. కనఫానీ నవల రాసేనాటికి పాలస్తీనీయుల మౌనమే సమస్య. సినిమా నాటికి వాళ్లు గొంతెత్తారు, వినే లోకమే సమస్య అయింది. మూలానికి విధేయంగా ఉండడమంటే అక్షరాన్ని పట్టుకుని వేలాడడం కాదని చెప్పడానికి విద్యార్థులకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. ఆ సంవత్సరమే, 1972 జులై 8న, కనఫానీని బీరూట్‌లో కారుబాంబుతో చంపారు.

కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలనుంచి గల్ఫుకు పోయిన లక్షలాది మందికి ఆ ట్యాంకు పరాయిది కాదు. 2017లో పి. సునీల్ కుమార్ రెడ్డి 'గల్ఫ్' అనే తెలుగు చిత్రం తీశాడు. అటువంటివి వేళ్లమీద లెక్కించదగినవి. ఇందులో ఒక వింత ఉంది. దుబాయిలో తెలుగు సినిమా ఆడుతుంది. కూలీ చేసుకునే తెలుగువాడు సెలవునాడు టికెట్టు కొంటాడు. ఆ డబ్బు మన పరిశ్రమ లెక్కల్లో చేరుతుంది. అతని బతుకు మాత్రం కథలో చేరదు. ఈజిప్టు సినిమాకూ ఇదే జరిగింది. 1970ల తరువాత గల్ఫు వీడియో, ఉపగ్రహ టెలివిజన్ అంగడి ఈజిప్టు నిర్మాతలకు ప్రధాన ఆదాయమైంది. ఆ అంగడికి ఇష్టంలేని దృశ్యాలు క్రమంగా తప్పుకున్నాయి. సౌదీ అరేబియాలో 1980ల మొదలు 2018 ఏప్రిల్ దాకా సినిమా హాళ్లే లేవు. హాలు లేని దేశపు అభిరుచి హాళ్లున్న దేశపు కథలను దిద్దింది. అంగడికి ఉన్న శక్తి అది. ఆ నిషేధం నడుస్తున్నప్పుడే 2012లో హైఫా అల్ మన్సూర్ రియాద్ వీధుల్లో 'వజ్దా' తీసిందన్నది కూడా చెప్పాలి. శక్తి ఉన్నచోట ప్రతిఘటన కూడా ఉంది.

ఎవరి నోట ఎవరి మాట

అరబ్బీ రాతలో ఒకటి, మాటలో అనేకం. కైరో సినిమా, కైరో రేడియో పుణ్యమా అని ఈజిప్టు మాండలికం అరబ్బు లోకమంతటికీ అర్థమవుతుంది. మొరాకో, అల్జీరియా పలుకుబడులున్న చిత్రాలకు తూర్పు దేశాల్లో సబ్‌టైటిళ్లు కావాలి. భాషలో స్వతహాగా తేలికా కష్టమూ లేవు. స్టూడియో ఎక్కడుంటే ఆ మాట అందరికీ తేలికవుతుంది.

మన తెరమీద కూడా కృష్ణా గుంటూరు పలుకుబడి 'మామూలు తెలుగు' అయి కూర్చుంది. తెలంగాణ మాట చాలాకాలం రౌడీకీ, ఉత్తరాంధ్ర మాట నౌకరుకీ హాస్యగాడికీ కేటాయించారు. బడిలో తెలుగు చెప్పేవాళ్లకు దీని ఫలితం రోజూ కనబడుతుంది. జాలరిపేట పిల్ల ఇంట్లో 'బేగి' అంటుంది, 'నేదు' అంటుంది. తరగతిలో లేచి నిలబడేసరికి ఆ మాట గొంతులోనే ఆగిపోతుంది. పక్క పిల్లలు నవ్వుతారని భయం. ఆ నవ్వును వాళ్లకు నేర్పిందెవరు? వాచకంలో అటువంటి పాఠం లేదు. తెర నేర్పింది. గురజాడ 'కన్యాశుల్కం'లో, రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో ఈ ప్రాంతపు నోటిమాటకు మహాసాహిత్య గౌరవం కలిగించారు. అదే మాట తెరకెక్కేసరికి ఎగతాళి అయింది. సాహిత్యంలో గెలిచిన పోరాటాన్ని సినిమాలో మళ్లీ మొదటినుంచీ చేయవలసి వస్తోంది.

తెరమీద మన ఒడ్డు

విశాఖ సముద్రం తెలుగు సినిమాకు కొత్త కాదు. 1978 'మరోచరిత్ర' నుంచి నేటిదాకా ఇక్కడి ఒడ్డున ఎన్ని ప్రేమకథలు నడవలేదు? కాని ఆ చిత్రాల్లో చాలావాటిలో సముద్రం పాటకు నేపథ్యం. ఇసుకమీద ఆరబెట్టిన వల అందమైన ముందుభాగం. వల అల్లినవాడు చట్రంలోకి వస్తే షాటు పాడవుతుందని పక్కకు తప్పుకోమంటారు.

ఈ మధ్య కొంత మార్పు వచ్చిన మాట నిజం. 2021 'ఉప్పెన'లో ఉప్పాడ మత్స్యకార యువకుడు నాయకుడయ్యాడు. 2025 'తండేల్'కు శ్రీకాకుళం జిల్లా మత్స్యకారుల నిజజీవితమే ఆధారం. గుజరాత్ వెరావల్‌కు వలసపోయి, 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలయ్యారు. తండేలు అంటే పడవను నడిపించే నాయకుడు. ఆ మాట ఒక పెద్ద చిత్రానికి పేరు కావడం, ఉత్తరాంధ్ర యాస నాయకుడి నోట గౌరవంగా పలకడం చిన్న సంగతులు కావు. వాటిని మెచ్చుకుంటూనే ఒక ప్రశ్న అడగాలి. సొంత సముద్రం గుమ్మంలో ఉండగా శ్రీకాకుళం బెస్తవాడు దేశపు అవతలి కొసకు ఎందుకు పోతున్నాడు? ఆ ప్రశ్నను దాటి ప్రేమ, దేశభక్తి ముందుకు వచ్చేశాయి. సరిహద్దు దాటడం కథ అయింది, ఊరు దాటడం కథ కాలేకపోయింది.

చెప్పవలసిన కథలు లేక కాదు. పెద్ద బోట్లకూ చిన్న పడవలకూ మధ్య తగువు, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో ఇల్లు గడవడం, పెట్టుబడి ఇచ్చినవాడికే చేప అమ్మవలసిన కట్టుబాటు, బుట్ట నెత్తికెత్తుకునే ఆడవాళ్ల లెక్కలు, ఇవి ఒక్కొక్కటీ ఒక్కొక్క కథ. 2022 జనవరిలో రింగు వలల వివాదంలో ఈ తీరాన మత్స్యకారులే మత్స్యకారుల పడవలు తగలబెట్టుకునే స్థితి వచ్చింది. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బరులో నిప్పంటుకుని పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. ఆ మంటను దేశమంతా టెలివిజన్‌లో చూసింది. బోటు యజమానికి వచ్చే నష్టపరిహారానికీ, బోటు మీద కూలికి వెళ్లే కళాసీ పోగొట్టుకునే పనికీ మధ్య ఉన్న దూరాన్ని ఏ కెమెరా చూపగలదు? దానికి ముందు ఎవరో ఒకరు ఆ దూరాన్ని కొలిచి రాయాలి.

అరబ్బు సినిమా మనకిచ్చే ముఖ్యమైన పాఠం ఇక్కడుంది. 'అల్ అర్ద్' వెనుక షర్కావీ నవల ఉంది. 'అల్ మఖ్దూఊన్' వెనుక కనఫానీ నవల ఉంది. కైరో సందుల చిత్రాల వెనుక మహఫూజ్ ఉన్నాడు. బ్యాంకు పోయింది, ప్రభుత్వ రంగం పోయింది, అంగడి మారింది. సాహిత్యం ముందే సిద్ధంచేసి పెట్టిన వస్తువే ఆయా సందుల్లో దొరికిన చిన్న అవకాశాన్ని పట్టుకుని తెరకెక్కింది. పెట్టుబడి మన చేతిలో లేదు. స్టూడియో విశాఖలో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా మనది కాదు. కాని అవకాశం వచ్చిననాడు ఇదిగో కథ అని అందించడానికి మన దగ్గర ఏముంది? తెలుగు నవలలో పొలం ఉంది, కొండ ఉంది, గని ఉంది. సముద్రంమీద బతికేవాళ్ల కథలు మాత్రం చాలా తక్కువ. ఇంత పొడవైన తీరం ఉన్న జాతికి అది గౌరవం కాదు.

కాబట్టి సినిమావాళ్లు మన జాలరిని సరిగా చూపలేదని వ్యాసాలు రాస్తే సరిపోదు. ముందు మనం రాయాలి. అంతకంటె ముఖ్యం, జాలరిపేట పిల్లలు రాయాలి, వాళ్ల మాటలో రాయాలి. 'బేగి' అన్న మాటను పిల్ల నోటిలో సరిదిద్దే ముందు, అదే మాట పుస్తకంలో అచ్చయి ఆమెకు కనబడేటట్టు చూడడం తెలుగు రచయిత పని, తెలుగు పంతులు పని కూడా.